దీర్ఘాయుష్షు గల మోటారు బండ్లు: ఒక జాబితాపై విమర్శ

ఒకప్పుడు నా వద్ద పదవ తరగతి చదివిన కుర్రవాడొకడు ఇప్పుడు అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో పైచదువు చదువుతున్నాడు. అక్కడికి వెళ్ళిన మన విద్యార్థులు మొదట కొనేది సాధారణంగా పాత కారే. ఈ మధ్య అతడు నాకొక జాబితా పంపి ఇలా అడిగాడు: "మాస్టారూ, ఇందులో మొదటి స్థానంలో ఉన్న బండి ఒకటి, రెండు లక్షల మైళ్ళు నడిచినది, చవకగా వస్తున్నది. దాని ఆయుష్షు 2,96,500 మైళ్ళని వ్రాశారు. అంటే ఇంకా 96,500 మైళ్ళు ఉన్నట్లే గదా? కొనమంటారా?"

తీసివేత సరిగానే చేశాడు. కాని తీసివేతలో పైన వేసిన సంఖ్య దేనిని కొలిచినదో అతడు ఆలోచించలేదు. అందుకు అతనిని తప్పు పట్టలేము. ఏ బండి ఎక్కువ దూరం మన్నుతుందని అమెరికాలో ఏటేటా ఇటువంటి జాబితాలు వెలువడుతూనే ఉంటాయి. లక్షలాది కుటుంబాలు వీటిని చూసి సొమ్ము ఖర్చుపెడతాయి. కనుక ఒక జాబితాను తీసుకొని అందులో శాస్త్రం ఎంత, భ్రమ ఎంత అని పరిశీలించటం అవసరం.

జాబితా చెప్పేదేమిటి?

మన విద్యార్థి పంపినది ఐసీకార్స్ అనే సంస్థ 2022లో ప్రకటించిన జాబితా. ఆ సంస్థ 20 లక్షలకు పైగా కార్ల వివరాలు సేకరించింది. ఒక్కొక్క మోడల్‌లో అందరికంటె ఎక్కువ దూరం నడిచిన నూటికి ఒక వంతు బండ్లను వేరుచేసి, అవి చేరుకున్న దూరాన్ని ఆ మోడల్ యొక్క "సాధ్యమైన ఆయుర్దాయం" అన్నది. ఆ లెక్క ప్రకారం టొయోటా సెకోయా సుమారు 2,96,500 మైళ్ళతో మొదటిది. టొయోటా లాండ్ క్రూయిజర్ 2,80,000 మైళ్ళతో రెండవది. షెవ్రొలే సబర్బన్ 2,66,000 మైళ్ళతో మూడవది. టొయోటా టండ్రా 2,56,000 మైళ్ళతో నాలుగవది. మైలు అంటే 1.609 కిలోమీటర్లు గనుక, మొదటి బండి లెక్క మన కొలతలో దాదాపు 4,77,000 కిలోమీటర్లు.

ఈ జాబితాను పూర్తిగా కొట్టివేయటం నా ఉద్దేశం కాదు. 20 లక్షల బండ్లను చూడటం చిన్న పని కాదు. పైగా కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే పత్రిక వేరొక పద్ధతిలో, అంటే సొంతదారులనే ప్రశ్నించి, ఏటా వెలువరించే ఫలితాలలో కూడా టొయోటా, లెక్సస్ బండ్లు పైస్థానాలలోనే ఉంటూ వచ్చాయి. రెండు వేరు వేరు దారులు ఒకే ఊరికి చేర్చితే ఆ ఊరు ఉన్నదని నమ్మవచ్చు. నా అభ్యంతరమల్లా ఆ సంఖ్యకు పెట్టిన పేరు మీద. దానిని "ఆయుర్దాయం" అనవచ్చునా?

చావుల లెక్క లేని ఆయుర్దాయం

తోకచుక్క వలన విద్యార్థులందరికీ పరిచితుడైన ఎడ్మండ్ హేలీ 1693లో మరొక మంచి పని చేశాడు. బ్రెస్లౌ నగరంలో సంభవించిన జననమరణాల వివరాలు తెప్పించుకొని, ఏ వయస్సువారు ఎందరు మిగులుతారో తెలిపే పట్టిక తయారుచేశాడు. జీవిత బీమా లెక్కలకు అటువంటి పట్టికలే ఆధారం. హేలీ ఆ పట్టికను తయారుచేయగలగటానికి కారణం ఒక్కటే: అతని చేతిలో చనిపోయినవారి లెక్క ఉన్నది.

ఇప్పుడు మన జాబితాను చూడండి. ఒక ఊరిలో నూరుగురు వృద్ధులు ఉన్నారనుకుందాం. వారిలో అందరికంటె పెద్దవాని వయస్సు 95. అంతమాత్రాన ఆ ఊరివారి ఆయుర్దాయం 95 ఏళ్ళని, 70 ఏళ్ళ ముసలివానికి ఇంకా 25 ఏళ్ళు మిగిలివున్నవని ఎవరైనా అంటే మనం నవ్వుతాము. నూటికి ఒక్కడు చేరిన గమ్యాన్ని తక్కిన తొంభైతొమ్మిది మందికి అంటగట్టరాదు. మన విద్యార్థి చేసిన తీసివేతలో ఉన్న పొరపాటు సరిగా ఇదే.

ఈ లోపాన్ని ఆ సంస్థ కూడా గుర్తించినట్లున్నది. తరువాతి సంవత్సరాలలో పద్ధతి మార్చి, ఒక మోడల్ బండి రెండున్నర లక్షల మైళ్ళు చేరే అవకాశం నూటికి ఎంత అని చెప్పసాగింది. 2025 జాబితాలో సెకోయాకు ఆ అవకాశం నూటికి సుమారు 39. అన్ని బండ్లకూ కలిపి సగటు నూటికి 5 లోపే. పాత జాబితా చదివినవాడికి సెకోయా మూడు లక్షల మైళ్ళ బండి. కొత్త జాబితా చదివినవాడికి అదే సెకోయా, పదింటిలో ఆరు రెండున్నర లక్షలకు కూడా చేరని బండి. బండి మారలేదు, ప్రశ్న మారింది. సంభావ్యత రూపంలో చెప్పటం నిస్సందేహంగా మెరుగైన పద్ధతి.

మన్నికా, వాడకమా?

ఐతే మరొక చిక్కు మిగిలే ఉన్నది. ఉపాధ్యాయులు దీనిని నల్లబల్ల మీద చేసి చూపవచ్చు.

"అ" అనే మోడల్‌ను దూరప్రయాణాలు చేసేవారు కొంటారు. వారు ఏడాదికి 20,000 మైళ్ళు నడుపుతారు. "ఆ" అనే మోడల్‌ను ఊళ్ళోనే తిరిగేవారు కొంటారు. వారు నడిపేది ఏడాదికి 8,000 మైళ్ళు. పన్నెండేళ్ళ తరువాత ఒక్క బండి కూడా చెడిపోలేదనుకుందాం. అప్పుడు "అ" బండ్ల మీటరు 2,40,000 చూపుతుంది. "ఆ" బండ్ల మీటరు 96,000 చూపుతుంది. మీటర్లను మాత్రమే చూసేవాడు "అ" రెండున్నర రెట్లు గట్టిదని వ్రాస్తాడు. నిజానికి అతనికి తెలిసినది ఎవరు ఎంత తిరిగారన్నది మాత్రమే. ఏది ఎంత మన్నుతుందో తెలియాలంటే కొన్ని బండ్లు చెడిపోవాలి, చెడిపోయినప్పుడు వాటి మీటరు ఎంత చూపినదో ఎవరో వ్రాసిపెట్టుకోవాలి.

2022 జాబితాలో ముందువరుస నిండా పెద్ద కుటుంబాలు దూరాలు తిరిగే బండ్లు, సామాను లాగే బండ్లు ఉండటానికి ఇదీ ఒక కారణం. చిన్న కార్లలో పైకి వచ్చిన టొయోటా ప్రయస్ అనేక నగరాలలో టాక్సీగా తిరిగే బండి. టాక్సీకి విశ్రాంతి ఉండదు, మీటరు త్వరగా పెరుగుతుంది. ఈ బండ్లు గట్టివి కావని చెప్పటం లేదు. వాటి గట్టితనంలో ఎంత భాగం యంత్రానిదో, ఎంత భాగం యజమాని వాడకానిదో ఈ జాబితా విడదీయలేదని మాత్రమే అంటున్నాను.

మీటరునైనా పూర్తిగా నమ్మగలమా అన్నది మరొక ప్రశ్న. అమెరికాలో మీటరు తిప్పటాన్ని 1972 నాటి చట్టం నేరంగా నిర్ణయించింది. ఐనా తప్పుడు మీటర్లతో ఏటా నాలుగున్నర లక్షలకు మించి బండ్లు అమ్ముడవుతున్నవని అక్కడి రహదారి భద్రతా సంస్థ అంచనా వేసింది. వెనుకకు తిప్పిన మీటరు కొనుగోలుదారుణ్ణే గాక లెక్కలు వేసేవాణ్ణి కూడా మోసగిస్తుంది.

తిరిగివచ్చిన విమానాలు

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1943లో, అబ్రహం వాల్డ్ అనే సాంఖ్యక శాస్త్రజ్ఞుడు కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక సమస్యను పరిశీలించాడు. యుద్ధం నుండి తిరిగివచ్చిన విమానాల మీద గుళ్ళ దెబ్బలు లెక్కపెడితే ఇంజన్ భాగంలో తక్కువ, తక్కిన భాగాలలో ఎక్కువ కనిపిస్తాయి. దెబ్బలు ఎక్కువగా ఉన్నచోటనే కవచం వేయాలని ఎవరికైనా తోస్తుంది. వాల్డ్ ఆలోచన దీనికి తలక్రిందులు. ఇంజన్‌కు దెబ్బ తగిలిన విమానాలు తిరిగిరాలేదు, అందుకే ఆ దెబ్బలు లెక్కలోకి రాలేదు. కంటికి కనపడని విమానాలే అసలు సంగతి చెపుతున్నవి. ఈ మేధావి భారతదేశంలో ఉపన్యాసయాత్ర చేస్తూ 1950 డిసెంబరులో నీలగిరి కొండలలో విమాన ప్రమాదానికి గురై మరణించటం ఒక విషాదం.

పాతకార్ల సంతలో కనిపించే బండ్లు తిరిగివచ్చిన విమానాల వంటివి. ఎనభై వేల మైళ్ళ వద్ద గేరుపెట్టె పగిలి పాత ఇనుము క్రింద పోయిన బండి సంతకు రాదు. ఆ బండి మీద ఎవరూ వ్యాసం వ్రాయరు, దాని ఫోటో ఎవరూ తీయరు. రెండు లక్షలు దాటిన బండి పక్కన మాత్రం సొంతదారు నవ్వుతూ నిలబడతాడు.

ఇటువంటి రికార్డులలో అన్నిటికంటె పెద్దది ఒక బడిపంతులుది. న్యూయార్కు సమీపంలోని లాంగ్ ఐలండ్‌లో సైన్సు ఉపాధ్యాయుడైన ఇర్వ్ గోర్డన్ 1966లో ఒక వోల్వో పి-1800 కొన్నాడు. రోజూ పోనురాను సుమారు 125 మైళ్ళ ప్రయాణం. 2013లో అలాస్కాలో ఆ కారు 30 లక్షల మైళ్ళు పూర్తిచేసింది. 2018లో ఆయన మరణించేనాటికి అది 32 లక్షల మైళ్ళకు చేరింది. గిన్నిస్ గ్రంథంలోకి ఎక్కిన రికార్డు ఇది. మరి ఆ మోడల్ అన్నిటికంటె మన్నికైనదని దీనివల్ల ఋజువయిందా? కాలేదు. ఆ రూపంలో తయారైన కార్లు సుమారు 39,000. వాటిలో ఈ దూరం వెళ్ళినది ఒక్కటే. దాని ఇంజన్ కూడా 6,80,000 మైళ్ళ వద్ద విప్పి బాగుచేసినదే. గ్రీసు దేశంలో 46 లక్షల కిలోమీటర్లు తిరిగి చివరకు మెర్సిడెస్ కంపెనీ ప్రదర్శనశాలకు చేరిన 1976 నాటి 240డి టాక్సీ కథ కూడా ఇటువంటిదే. అది ఒకే ఇంజన్‌తో అంత దూరం వెళ్ళలేదు. గొడ్డలికి కామ మార్చి, ఆ తరువాత ఆకు మార్చి, ఇది మా తాతగారి గొడ్డలి అన్నట్లున్నది ఈ లెక్క.

అన్ని మైళ్ళూ ఒకటి కావు

ఐనా గోర్డన్ కారు ఒక నిజమైన పాఠం చెపుతున్నది. అది ప్రతిరోజూ దూరం నడిచింది. ఇంజన్ లోపల జరిగేది తెలిస్తే దీని ప్రాముఖ్యం అర్థమవుతుంది.

తిరిగే ఇరుసుకూ, దానిని మోసే బేరింగుకూ నడుమ మిల్లీమీటరులో వెయ్యవ వంతుల మందం గల నూనె పొర ఉంటుంది. ఇరుసు వేగంగా తిరుగుతున్నంతసేపు ఆ నూనె ఒత్తిడే దానిని పైకి ఎత్తి పట్టుకుంటుంది. లోహం లోహాన్ని తాకదు, అరుగుదల దాదాపు ఉండదు. ఇంజన్ ఆగినప్పుడు నూనె క్రిందికి దిగిపోతుంది. మళ్ళీ చల్లగా మొదలుపెట్టినప్పుడు ఆ పొర ఏర్పడేవరకు కొద్ది క్షణాలు లోహాలు రాచుకుంటాయి. రెండవ శత్రువు నీరు. లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీరు పుడుతుంది. అందులో అత్యధికభాగం ఆవిరిగా పొగగొట్టం గుండా పోతుంది, కొంచెం పిస్టను ప్రక్కల నుండి జారి నూనెలో చేరుతుంది. బండి గంటసేపు నడిస్తే నూనె వేడెక్కి ఆ నీరు ఆవిరైపోతుంది. రెండు మైళ్ళు నడిపి ఆపేస్తే నీరు అందులోనే నిలిచి, ఆమ్లాలతో కలిసి లోహాన్ని తింటుంది.

కాబట్టి ఒకేసారి నూరు మైళ్ళు పోయిన బండి ఒకసారి మొదలై ఒకసారి ఆగింది. రెండేసి మైళ్ళ చొప్పున నూరు మైళ్ళు తిరిగిన బండి ఏభైసార్లు చల్లగా మొదలైంది. మీటరుకు ఈ భేదం తెలియదు, రెండింటికీ నూరే చూపుతుంది.

లారీలవారి పద్ధతి

ఈ ప్రశ్నకు లారీ ఇంజన్లు తయారుచేసేవారు వెదికిన సమాధానం పత్రికల జాబితాలకంటె ఎంతో శాస్త్రీయమైనది. వారు "బి-10 ఆయుష్షు" అంటారు. నూరు ఇంజన్లను తీసుకుంటే వాటిలో పది పెద్ద మరమ్మతుకు వచ్చే దూరం అది. సగం మరమ్మతుకు వచ్చే దూరం "బి-50". ఈ ఆలోచన బేరింగుల నుండి వచ్చింది. 1947లో లుండ్‌బర్గ్, పాంగ్రెన్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞులు బేరింగుల ఆయుష్షును ఇలాగే, పదిశాతం చెడిపోయే హద్దుతో లెక్కకట్టారు. వారి దేశీయుడే ఐన వైబుల్ 1951లో ప్రకటించిన సూత్రం ఇటువంటి లెక్కలన్నిటికీ సాధనమయింది. ఇందులోని సుగుణం గమనించండి. లెక్క మొదలయ్యేది తయారైన నూరింటి నుండి. ముందుగా పోయినవి కూడా లెక్కలో ఉంటాయి.

అమెరికాలో దూరప్రయాణపు పెద్ద లారీల ఇంజన్లకు బి-50 సంఖ్య పది లక్షల మైళ్ళ ప్రాంతంలో ఉండటం సాధారణం. దీనికి కారణం ఆ ఇంజన్ నెమ్మదిగా తిరగటమేనని తరచు వింటాము. లెక్కవేసి చూద్దాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు తిరిగిందనుకుంటే కిలోమీటరుకు 1,200 చుట్లు. లారీ ఇంజన్ 1,200 చుట్ల వేగంతో తిరిగితే కిలోమీటరుకు 720 చుట్లు. ఐతే కారులో పిస్టను ఒకసారి కదిలే దూరం సుమారు 9 సెంటీమీటర్లు, పెద్ద లారీలో సుమారు 16. చుట్టుకు రెండుసార్లు కదులుతుంది గనుక కిలోమీటరు ప్రయాణానికి కారులో పిస్టను 216 మీటర్లు రాచుకుంటుంది, లారీలో 230 మీటర్లు. రెండూ ఇంచుమించు సమానమే! వాడుకలో ఉన్న వివరణ ఒక్కటే చాలదని తేలింది. లారీ గంటల తరబడి ఆగకుండా వేడిగా నడుస్తుంది. అందులో నూనె 40 లీటర్ల వరకు ఉంటుంది. ఆ నూనె నమూనా తీసి అందులో ఇనుము, రాగి ఏపాటి కరిగాయో పరీక్షించి ముందే జాగ్రత్తపడతారు. సిలిండరు లోపలి గొట్టం అరిగితే దానిని తీసి కొత్తది అమర్చవచ్చు. దీర్ఘాయుష్షులో సగం బలం, సగం వైద్యం అన్నమాట.

పేరు ఒకటే, బండి వేరు

చివరి అభ్యంతరం అన్నిటికంటె ముఖ్యమైనది. రెండున్నర లక్షల మైళ్ళు నడిచిన బండి తప్పనిసరిగా పాతది. జాబితా పొగిడేది పదిపదిహేనేళ్ళ క్రిందటి యంత్రాన్ని. చదివినవాడు మాత్రం అదే పేరు గల కొత్త బండిని కొంటాడు.

టండ్రాకు ఆ కీర్తి తెచ్చినది 2007 నుండి 2021 వరకు పెద్ద మార్పు లేకుండా కొనసాగిన 5.7 లీటర్ల, 8 సిలిండర్ల ఇంజన్. సెకోయాలో అదే ఇంజన్ 2022 వరకు నడిచింది. ఏళ్ళ తరబడి ఒకే యంత్రాన్ని చేస్తే దాని తప్పులు ఒక్కొక్కటే దిద్దుకుంటాయి, మన్నికకు ఇదొక రహస్యం. 2022 టండ్రా నుండి దాని స్థానంలో 6 సిలిండర్ల, జంట టర్బోల కొత్త ఇంజన్ వచ్చింది. తయారీలో లోపల మిగిలిపోయిన లోహపు తునకలు బేరింగులను పాడుచేయవచ్చునని, 2024లో ఈ ఇంజన్ గల సుమారు 1,02,000 బండ్లను కంపెనీ వెనుకకు పిలిపించింది. మూడవ స్థానంలోని సబర్బన్‌కు కూడా ఈ బెడద తప్పలేదు. 2025లో 6.2 లీటర్ల ఇంజన్ లోపం వల్ల ఆ కంపెనీ అమెరికాలో పిలిపించిన సుమారు 6 లక్షల బండ్లలో సబర్బన్లూ ఉన్నవి.

పాత బండ్లలోనైనా ఇంజన్ ఒక్కటే బండి కాదు. ఉత్తర అమెరికాలో చలికాలంలో మంచు కరగటానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది, అందువల్ల తుప్పు పట్టే చర్య వేగం పుంజుకుంటుంది. అడుగుచట్రాలకు తుప్పు నుండి తగిన రక్షణ లేదన్న వ్యాజ్యంలో 2016లో టొయోటా రాజీకి వచ్చింది. సుమారు 15 లక్షల బండ్లకు సంబంధించిన ఆ రాజీ విలువ 340 కోట్ల డాలర్ల వరకు ఉండవచ్చునని అంచనా. అందులో 2005–2008 సెకోయాలు, 2007–2008 టండ్రాలు ఉన్నవి. ఇంజన్ మూడు లక్షల మైళ్ళకు సిద్ధంగా ఉన్నా, దానిని మోసే చట్రం అంతవరకు నిలవకపోవచ్చు. జాబితాలో ఉన్న ఒకే ఒక్క సంఖ్యకు ఈ సంగతి చెప్పే శక్తి లేదు.

విద్యార్థికి జవాబు

నా విద్యార్థి ఉండే ఒహాయో ఉప్పు చల్లే రాష్ట్రమే. నేను అతనికి ఇలా వ్రాశాను: "నాయనా, ఆ సంఖ్య నీవు కొనబోయే బండిది కాదు, దాని జాతిలో నూటికి ఒక్కదానిది. కనుక జాబితాను మూసి బండి క్రిందికి దూరి చూడు. చట్రాన్ని చిన్న సుత్తితో తట్టి చూడమని మెకానిక్కును అడుగు. నూనె మార్చిన రశీదులు ఉన్నవా, పాత సొంతదారు దూరాలు నడిపాడా, వీధి చివరి దుకాణానికి నడిపాడా అని విచారించు. రశీదులు గల లక్ష మైళ్ళ సామాన్యమైన కారు, చరిత్ర తెలియని రెండు లక్షల మైళ్ళ గొప్ప బండికంటె నీకు మేలు."

పదిరోజుల తరువాత జవాబు వచ్చింది. బండి పైకి నిగనిగలాడుతున్నదట. మెకానిక్కు దానిని పైకెత్తి తట్టితే వెనుక ఇరుసు దగ్గర చట్రం నుండి తుప్పు పెచ్చులుగా రాలిందట. కొనలేదు.

ఉపాధ్యాయులు ఈ వ్యాసాన్ని తరగతిలో ఉపయోగించదలిస్తే ఒక పని చేయించవచ్చు. విద్యార్థులను తమ ఊరి మెకానిక్కు వద్దకు పంపి, మరమ్మతుకు వచ్చిన బండ్ల మీటర్లు వ్రాసుకురమ్మనండి. మరికొందరిని బస్టాండు దగ్గర ఆటోవాళ్ళను అడిగి, చక్కగా నడుస్తున్న బండ్ల మీటర్లు వ్రాసుకురమ్మనండి. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి, వీటిలో ఏది ఆయుష్షును చెపుతుందని ప్రశ్నించండి. రెండూ కలిస్తేనే చెపుతాయని ఎవరో ఒకరు తప్పక అంటారు. ఆ మాట అన్న విద్యార్థి ఇక ముందు ఏ జాబితాను చూసినా, ఇందులోకి రానివి ఏవి అని ముందుగా అడుగుతాడు.